సౌదీ అరేబియాలో చవక రేసు బూట్లు: ఎంపిక, కొనుగోలు

పందెం రోజున తొడుక్కోవడానికని ప్రత్యేకంగా, బరువు తగ్గించి, అడుగుకు చురుకు పెంచి చేసిన పరుగు బూట్లను రేసు బూట్లు అంటారు. రోజూ సాధనకు వాడే బూటు ఒక్కోటి 250 నుంచి 320 గ్రాములు తూగితే, రేసు బూటు చాలావరకు 180–230 గ్రాముల మధ్య ఉంటుంది. మందపాటి నురుగులో కార్బన్ పలక దూర్చిన రకాలు 2017 నుంచి మార్కెట్‌ను ఏలుతున్నాయి. ధరలకు రెక్కలొచ్చిందీ అప్పటినుంచే. సౌదీలో పేరున్న కంపెనీ కొత్త మోడల్ ఒక జత వెయ్యి రియాళ్ల చుట్టుపక్కల పలుకుతుంది. రియాలు ఈమధ్య ఇరవై మూడు, ఇరవై నాలుగు రూపాయల దగ్గర తిరుగుతోంది కనుక మన లెక్కలో అది ఇరవై మూడు వేల పైమాటే. కంపెనీ క్యాంపులో ఉంటూ నెలకు రెండు వేల రియాళ్లు తెచ్చుకునే మనిషికి సగం జీతం. అదే జత, ఏడాది ఓపిక పట్టినవాడికి, సగం ధరకు దొరకడం కూడా అక్కడ మామూలే. ఆ సగం ఎలా తగ్గుతుంది, తగ్గించుకోబోయి ఎక్కడ బోల్తా పడతారు అన్నదే ఇక్కడ ముఖ్యంగా చెప్పుకోవలసిన సంగతి.

పరుగు వీధిలోకి వచ్చిన తీరు

స్టేడియంలో పరుగు సౌదీకి కొత్త కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో హాదీ సువాన్ అల్ సొమాయిలీ 400 మీటర్ల హర్డిల్స్‌ను 47.53 సెకన్లలో ముగించి రజతం గెలిచాడు. ఒలింపిక్స్‌లో ఆ దేశానికి అదే తొలి పతకం. 2014 ఆసియా క్రీడల్లో 400 మీటర్ల స్వర్ణం యూసుఫ్ మస్రహీది. వీళ్లు తొడిగినవి మేకుల బూట్లు. వాటి సంగతి వేరు. మామూలు జనం రోడ్డు మీద పరిగెత్తడం, దానికోసం బూట్లు వెతుక్కోవడం గత పదీపదిహేనేళ్ల ముచ్చట. జెద్దా రన్నింగ్ కలెక్టివ్ అనే బృందం 2013లో పుట్టింది. అంతకు ముందు ఏడాదే లండన్ ఒలింపిక్స్‌లో సారా అత్తార్ 800 మీటర్లు పరిగెత్తి, ఒలింపిక్ ట్రాక్ మీద అడుగుపెట్టిన తొలి సౌదీ మహిళ అయింది. 2018 మార్చిలో అల్ అహ్సాలో ఆడవాళ్ల కోసం వీధి పరుగు పెట్టారు. 2022 మార్చి 5న రియాద్‌లో తొలిసారి పూర్తి 42.195 కిలోమీటర్ల మారథాన్ జరిగింది. దాన్ని నడిపేది సౌదీ స్పోర్ట్స్ ఫర్ ఆల్ ఫెడరేషన్. ఆ తర్వాత నుంచి అది జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో వస్తోంది. పూర్తి మారథాన్‌తో పాటు సగం మారథాన్, 10 కిలోమీటర్లు, ఇంకా చిన్న పరుగూ ఉంటాయి కాబట్టి ప్రవాసులు, కుటుంబాలు కూడా కదులుతారు.

పరిగెత్తే చోట్లను అక్కడ ‘మమ్షా’ అంటారు, అంటే నడకదారి. రియాద్ స్పోర్ట్స్ బులెవార్డ్‌ను 2019లో ప్రకటించారు. పడమట వాదీ హనీఫా నుంచి తూర్పున వాదీ అల్ సులై దాకా 135 కిలోమీటర్ల పొడవున వేస్తున్న దారి అది. మొదటి దశ 2025లో తెరిచారు. జెద్దావాళ్లకు ఎర్ర సముద్రం ఒడ్డున కార్నిష్ ఉంది. అల్ ఖోబర్‌కు దాని కార్నిష్, జుబైల్ పారిశ్రామిక నగరంలో పనిచేసే మన ఇంజనీర్లకు ఫనాతీర్ తీరం ఉన్నాయి. ఈ దారుల నేల గురించి బూట్ల పెట్టె మీద ఎవరూ రాయరు గాని కొనేవాడికి అది తెలియాలి. కొంత తారు, కొంత ఇంటర్‌లాక్ ఇటుక, కొంత నున్నటి రాయి. తెల్లవారుజామున చెట్లకు నీళ్లు పెట్టినప్పుడు ఆ రాతి పలకలు తడిసి జారతాయి. బరువు తగ్గించడానికి అడుగున రబ్బరు పీకేసి వట్టి నురుగు వదిలేసిన రేసు బూట్లు కొన్ని ఉన్నాయి; మలుపు దగ్గర కాలు నిలవక పడేది వాటితోనే. చవక జత కొనేటప్పుడు ముందరి భాగంలోనైనా నిండు రబ్బరు ఉందో లేదో తిప్పి చూసుకోవాలి.

బూటు లోపల ఏముంది

పై బట్ట, నురుగు, పలక, అడుగు రబ్బరు. నాలుగే సరుకులు. డబ్బంతా నురుగులోకి, పలకలోకి పోతుంది.

పాత రేసు బూట్లలో వాడింది ఈవీఏ అనే నురుగు. మన పిల్లల రబ్బరు చెప్పుల్లో ఉండేదానికి మెరుగైన చుట్టం. అది అణిగి, తిరిగి లేచేటప్పుడు తీసుకున్న శక్తిలో కొంత మింగేస్తుంది. 2017లో నైకీ కంపెనీ వేపర్‌ఫ్లై 4% అనే బూటును 250 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అందులోని నురుగు పెబాక్స్ అనే పదార్థంతో చేసింది; ఫ్రాన్స్‌కు చెందిన ఆర్కెమా దాన్ని తయారుచేస్తుంది. ఈవీఏ కంటే తేలిక, నొక్కితే ఎక్కువ శక్తి తిరిగిచ్చే గుణం. మధ్యలో చెంచాలా వంగిన కార్బన్ పలక. కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు గట్టి పరుగువీరుల మీద కొలిస్తే, ఒకే వేగానికి ఖర్చయ్యే శక్తి సగటున 4 శాతం తగ్గింది. ఆ పేరులోని అంకె అదే. అదే వరసలోని బూట్లతో మారథాన్ వీరుడు ఎలియుడ్ కిప్చోగే 2019 అక్టోబరు 12న వియన్నాలో 1:59:40కి మారథాన్ దూరం ముగించాడు. తోడు పరుగువీరులను పెట్టి ప్రత్యేకంగా జరిపిన ప్రయత్నం కనుక దాన్ని రికార్డుగా లెక్కించలేదు.

తర్వాత కట్టడి వచ్చింది. 2020 జనవరి 31న ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ రోడ్డు పందేలకు బూటు అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించకూడదని, లోపల ఒక్క పలకే ఉండాలని ప్రకటించింది. మామూలు రన్నర్ల బూట్లను ఎవరూ స్కేలు పెట్టి కొలవరు గాని పైస్థాయిలో ఇది ఆషామాషీ కాదు. 2021 వియన్నా మారథాన్‌లో అందరికంటే ముందు వచ్చిన ఇథియోపియా కుర్రాడు డెరారా హురీసాకు గెలుపు దక్కలేదు. సాధనలో వాడే 50 మిల్లీమీటర్ల బూట్లు వేసుకుని పరిగెత్తాడని పరుగయ్యాక తేలింది.

4 శాతం అన్న మాట విని ఎగబడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆ కొలతలు గంటకు 14–18 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తేవాళ్ల మీద తీసినవి. రియాద్ సగం మారథాన్‌ను రెండు గంటల పైచిలుకు సమయంలో ముగించే మనిషి వేగం గంటకు పది కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో గంటకు 12 కిలోమీటర్ల దగ్గర లాభం 1.4 శాతానికి, 10 కిలోమీటర్ల దగ్గర 0.9 శాతానికి దిగిపోయింది. సగటు కూడా నమ్మదగ్గ కొలబద్ద కాదు. ఒకరికి బాగా కలిసొచ్చిన బూటు ఇంకొకరికి భారం కావచ్చు. బరువు లెక్క మాత్రం చాలాకాలంగా తెలిసిందే. ఒక్కో బూటుకు 100 గ్రాములు తగ్గితే శక్తి ఖర్చు దాదాపు 1 శాతం తగ్గుతుంది. అంటే 300 గ్రాముల సాధన బూటు విప్పి, పలక లేని 200 గ్రాముల మామూలు రేసు బూటు తొడిగినా మెల్లగా పరిగెత్తేవాడికి దాదాపు అంతే లాభం. కార్బన్ లేదని చిన్నబోనక్కర్లేదు.

పలక బూట్లకు ఇంకో ఖర్చు ఉంది. పాదం వంగే తీరును అవి మార్చేస్తాయి. పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ అనే చిన్న ఎముకకు పగుళ్లు వచ్చిన కొన్ని కేసులను 2023లో వైద్యులు ఒక పత్రికలో నమోదు చేశారు. రోజంతా సేఫ్టీ షూస్‌లో నిలబడి, సాయంత్రం మొదటిసారి పలక బూటు తొడిగి 15 కిలోమీటర్లు లాగించడం ఎవరికీ మంచిది కాదు.

ధర లెక్క

సౌదీ రియాలు 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గర కట్టేసి ఉంది. కనుక అమెరికాలో ప్రకటించిన ధర తెలిస్తే సౌదీ ధరను ఎవరికివారే లెక్క కట్టుకోవచ్చు. 250 డాలర్ల బూటు 937 రియాళ్లు. పైన 15 శాతం వ్యాట్ కలిపితే 1,078. వ్యాట్ 2018 జనవరిలో 5 శాతంతో మొదలై, 2020 జులై 1న ఒక్కసారిగా 15కు ఎగబాకింది. దుకాణంలో చీటీ మీద రాసిన ధరలో అది కలిసే ఉంటుంది కాబట్టి అమెరికా ధరతో పోల్చి దుకాణదారుడిని తిట్టుకునే ముందు ఆ పదిహేనునూ తీసేయాలి. తీసేశాక కూడా చీటీ చాలా ఎక్కువగా ఉంటే అప్పుడు బయటికి నడవొచ్చు.

ధరల మేడలో పై అంతస్తు: అడిడాస్ అడియోస్ ప్రో, నైకీ వేపర్‌ఫ్లై, ఆల్ఫాఫ్లై. ఇంకా పైన అటక మీద అడిడాస్ ప్రో ఎవో 1 ఉంది: 138 గ్రాములు, 500 డాలర్లు. 2023 సెప్టెంబరులో బెర్లిన్‌లో టిగిస్ట్ అసెఫా 2:11:53తో మహిళల ప్రపంచ రికార్డు కొట్టింది దానితోనే. ఒక మారథాన్, దానికి ముందు కాలికి అలవాటయ్యేందుకు కాస్త పరుగు, అంతవరకే అది పనికొస్తుందని తయారుచేసినవాళ్లే చెప్పారు. 2,156 రియాళ్లు ఒక్క ఉదయానికి. మన పెళ్లిళ్లలో అద్దె షేర్వాణీ నయం.

చవక వెతుక్కునేవాడి చోటు మధ్య అంతస్తు. ఆసిక్స్ మ్యాజిక్ స్పీడ్, ప్యూమా డీవియేట్ నైట్రో, నైలాన్ పలక పెట్టిన సాకొనీ ఎండార్ఫిన్ స్పీడ్ లాంటివి 160–170 డాలర్ల తరగతివి; పూర్తి ధరలో దాదాపు 700 రియాళ్లు, తగ్గింపులో అంతకంటే బాగా కిందికి దిగుతాయి. పందేనికీ పనికొస్తాయి, వారంలో ఒక వేగపు సాధనకూ పనికొస్తాయి. ఒకే జతతో నెట్టుకొచ్చేవాడికి ఇంతకంటే తెలివైన కొనుగోలు లేదని నా అభిప్రాయం. డెకథ్లాన్ వాళ్ల కిప్రన్ వరసలో కేడీ900ఎక్స్ అనే కార్బన్ బూటు పెద్ద కంపెనీల వాటికంటే బాగా చవకగా వచ్చింది. డెకథ్లాన్ అంటే ఈతకళ్లద్దాలు, టెంటులు అమ్మే కొట్టు కదా అని పెదవి విరిచినవాళ్లకు 2025 టోక్యో ప్రపంచ పోటీల్లో జవాబు దొరికింది. అక్కడ 10,000 మీటర్ల స్వర్ణం గెలిచిన ఫ్రాన్స్ పరుగువీరుడు జిమ్మీ గ్రెసియే కిప్రన్ మనిషే. చైనా బ్రాండ్లు లీ నింగ్, ఎక్స్‌టెప్, 361 డిగ్రీస్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. 2024లో వూషీలో హ జియే 2:06:57తో చైనా జాతీయ రికార్డు నెలకొల్పింది ఎక్స్‌టెప్ బూట్లతోనే. సరుకు తక్కువది కాదు. కాకపోతే చైనా నుంచి నేరుగా తెప్పించుకున్న జత కరిస్తే తిరిగి పంపడం బూటు ఖరీదంత తలనొప్పి.

పెట్టె మీది ధర కంటే కిలోమీటరుకు ఎంత పడుతోందన్నది అసలు లెక్క. 1,000 రియాళ్ల రేసు బూటు 300 కిలోమీటర్లకు నీరసిస్తే కిలోమీటరుకు 3 రియాళ్ల పైన. 350 రియాళ్ల మామూలు బూటు 600 కిలోమీటర్లు మోస్తే 60 హలాలాలు (0.60 రియాలు) కూడా కాదు. పెబాక్స్ తరహా (పెబా) నురుగు చురుకు ఎంతకాలం నిలుస్తుందని చూసిన ఒక ప్రయోగంలో 450 కిలోమీటర్లు తొక్కాక ఈవీఏ బూటు మీద దానికున్న పైచేయి పోయింది. అందుకే పాతబడ్డ కార్బన్ బూట్లను ‘సగం ధర’ అని అమ్మే ప్రకటనలు చూసి మురిసిపోకూడదు. పై బట్ట తళతళలాడుతూ ఉంటుంది. పోయేది లోపలి ప్రాణం.

ఎక్కడ, ఎప్పుడు

పెద్ద మాల్స్‌లో సన్ అండ్ శాండ్ స్పోర్ట్స్ లాంటి గొలుసు దుకాణాలు, బ్రాండ్ల సొంత షోరూములు, డెకథ్లాన్, ఊరి శివార్లలో పాత మోడళ్ల అవుట్‌లెట్లు. ఆన్‌లైన్‌లో నూన్, 2020లో సూక్ స్థానంలో వచ్చిన అమెజాన్ సౌదీ, బట్టలకు పేరుపడ్డ నమ్షీ. రియాద్‌లో బత్హా, జెద్దాలో బలద్ లాంటి పాత బజార్లు మనవాళ్లు శుక్రవారం కలుసుకునే చోట్లు. అక్కడ రోజువారీ బూట్లు చవకే గాని, రేసు బూటుకని వెళ్లే చోట్లు కావవి.

‘తఖ్‌ఫీదాత్’ అని అద్దం మీద ఎర్రక్షరాలు కనిపిస్తే తగ్గింపు అమ్మకమని అర్థం. దానికి వాణిజ్య మంత్రిత్వ శాఖ అనుమతి ఉండాలి, అనుమతి పత్రం కోడ్‌తో సహా దుకాణంలో అతికించి ఉండాలి. ఫోనుతో ఆ కోడ్ చూస్తే తగ్గింపు నిజమైనదో కాదో తేలిపోతుంది. పెద్ద అమ్మకాలు ఏడాదిలో కొన్ని: ఫిబ్రవరి 22 స్థాపన దినం, రంజాన్, సెప్టెంబరు 23 జాతీయ దినం, నవంబరు చివరి శుక్రవారం. ఈ చివరిదాన్ని పశ్చిమ దేశాల్లో బ్లాక్ ఫ్రైడే అంటారు. శుక్రవారం ముస్లింలకు పవిత్రం, దాన్ని నల్లది అనడం బాగుండదని అరబ్బు దేశాల్లో వైట్ ఫ్రైడే చేశారు. ఈ నాలుగింట్లో పరుగు మనిషికి కలిసొచ్చేది సెప్టెంబరు. రియాద్ పందేనికి ఇంకా నాలుగు నెలల పైన ఉంటుంది. ఎండ తగ్గబోతుంటుంది. కొన్న జతను రెండు మూడు పొడవాటి పరుగుల్లో పరీక్షించి, కరిస్తే నవంబరు అమ్మకంలో వేరే జత చూసుకునే వెసులుబాటు మిగులుతుంది. జనవరిలో, పందెం ఇంకో వారం ఉందనగా కొనేవాడు పూర్తి ధర ఇస్తాడు. బొబ్బలు ఉచితం.

కంపెనీలు మోడల్‌కు ఏడాదికో, ఏడాదిన్నరకో కొత్త అంకె తగిలిస్తాయి. 3 పోయి 4 వస్తుంది. మార్పు చాలాసార్లు పై బట్టలో, రంగులో, పది గ్రాముల బరువులో. కొత్తది అరలోకి రాగానే పాతది అవుట్‌లెట్‌కు తరలుతుంది. అప్పుడు మిగిలేవి చిన్న కొలతలు, పెద్ద కొలతలు, ఎవరూ ముట్టని ముదురు నారింజ, చిలకపచ్చ రంగులు. రంగు గురించి పట్టింపు లేనివాడు లాభపడతాడు. తెల్ల బూటే కావాలని పట్టుబట్టేవాడు ఆ పట్టుదలకు రెండు మూడు వందల రియాళ్లు కడతాడు.

వాయిదాల ఊరింపు కూడా ఉంది. తమారా, టాబీ అనే సంస్థలు బిల్లును నాలుగు ముక్కలు చేసి, వడ్డీ లేకుండా కట్టుకోమంటాయి. మంచి సదుపాయమే గాని, 250 రియాళ్లు చొప్పున నాలుగుసార్లు అంటే వెయ్యి అన్న సంగతి మనసు మరిచిపోయేలా చేస్తుంది.

2019 నాటి ఈ-కామర్స్ చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో కొన్న సరుకును, వాడకుండా ఉంటే, అందిన ఏడు రోజుల లోపు వెనక్కి ఇవ్వొచ్చు. ‘వాడకుండా’ అన్న మాట బూట్ల దగ్గర కఠినం. అడుగు రబ్బరుకు ధూళి అంటితే వాడినట్టే లెక్క. గదిలో తివాచీ మీద, శుభ్రమైన మేజోళ్లతో, చీటీ తెంపకుండా నడిచి చూడాలి. మోసం జరిగితే వాణిజ్య శాఖ ఫోను 1900. ‘బలాగ్ తిజారీ’ అనే యాప్ కూడా ఉంది. బిల్లు లేని ఫిర్యాదు నిలవదు. చిన్న కొట్లలో బిల్లు అడగడానికి మొహమాటపడేది మనవాళ్లే.

అస్లీ, తఖ్లీద్

నిజమైనదాన్ని అరబ్బీలో ‘అస్లీ’ అంటారు. హైదరాబాదు, నిజామాబాదు మనుషులకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. నకలును ‘తఖ్లీద్’ అంటారు. మన దగ్గర ‘ఫస్ట్ కాపీ’ అన్నట్టే అక్కడ ‘దరజా ఊలా’, మొదటి తరగతి నకలు. వెయ్యి రియాళ్ల బూటు నూట ఇరవైకి ఇస్తున్నాడంటే వాడు పిచ్చివాడైనా అయుండాలి, బూటు తఖ్లీద్ అయినా అయుండాలి. నడకకు నకలు బూటు పెద్ద హాని చేయదు. పరుగుకు చేస్తుంది. లోపల పెబా ఉండదు, గట్టి చవక నురుగు ఉంటుంది. పలక ఉండదు, ఉంటే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది.

పట్టుకోవడానికి చూపు కంటే చెయ్యి మేలు. కొన్ని కార్బన్ బూట్ల అడుగు మధ్యలో చిన్న కిటికీలా ఖాళీ వదులుతారు, పలక కనిపిస్తుంది. నకలులో అక్కడ నల్లరంగు పూత ఉంటుంది, గోరుతో గీస్తే లేస్తుంది. మడమ ఒక చేత్తో, మునివేళ్ల భాగం ఇంకో చేత్తో పట్టుకుని వంచితే పలక ఉన్న బూటు చిన్న కర్రలా ఎదురు తిరుగుతుంది, నకలు అట్టముక్కలా మడతపడుతుంది. వంటింటి తూకం మీద పెట్టడం ఇంకా మంచి పరీక్ష. కంపెనీ చెప్పిన బరువుకు, మీ కొలతలో తేడా తీసేశాక, అరవై డెబ్బై గ్రాములు ఎక్కువ వస్తే ఇంకేం అడగనక్కర్లేదు. నాలుక లోపల కుట్టిన చీటీ మీద ఉండే మోడల్ అంకె, పెట్టె మీది అంకె ఒకటేనా? ఎడమ బూటు చీటీ, కుడి బూటు చీటీ ఒకే మోడల్‌వేనా? ఆ అంకెను ఫోనులో కొడితే అదే రంగు బూటు రావాలి. వేరే రంగు వచ్చిందంటే పెట్టెను ఒకచోట, బూటును మరోచోట సంపాదించారన్నమాట.

కొలత

ఎంత చవకగా కొన్నా కాలికి పట్టని బూటు దండగే. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను అబెబె బికిలా ఉత్త కాళ్లతో గెలిచాడని అందరికీ తెలుసు. తనకిచ్చిన బూట్లు సరిగా పట్టకపోవడం దానికి కారణమని తక్కువమందికి తెలుసు. 2015 బెర్లిన్‌లో కిప్చోగే బూట్ల లోపలి అట్టలు రెండూ పరుగు మధ్యలో బయటికి జారి రెక్కల్లా ఊగాయి. అయినా 2:04:00కి గెలిచాడు. కిప్చోగే కాబట్టి గెలిచాడు.

ఇండియాలో బూటు కొలత అంటే బ్రిటిష్ అంకె: ఏడు, ఎనిమిది, తొమ్మిది. సౌదీ దుకాణాల్లో, యాప్‌లలో ఎక్కువగా యూరప్ అంకె: 41, 42, 43. అమెరికా అంకె ఇంకోటి. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడు ‘ఎనిమిది’ అంటే కొట్టువాడు అమెరికా ఎనిమిది తెచ్చి పెడతాడు, అది దాదాపు ఒక కొలత చిన్నది. పోనీ బ్రిటిష్ ఎనిమిది అని గట్టిగా చెప్పినా చిక్కు తీరదు. రెండు బూట్ల నాలుకలు పైకెత్తి చీటీలు పక్కపక్కన చూడండి. అడిడాస్ చీటీ మీద బ్రిటిష్ 8 పక్కన యూరప్ 42, జపాన్ 265 అని ఉంటుంది. నైకీ చీటీ మీద బ్రిటిష్ 8 పక్కన యూరప్ 42.5, సెంటీమీటర్లు 27 అని ఉంటుంది. ఒకటే ఎనిమిది, లోపల అర సెంటీమీటరు తేడా. 26.5 సెంటీమీటర్ల నైకీ కావాలంటే బ్రిటిష్ ఏడున్నర అడగాలి. ఆసిక్స్ కూడా ఇంతే. అడిడాస్ యూరప్ అంకెల్లో 41 మీద మూడోవంతు, 42 మీద మూడింట రెండు వంతులు అని భిన్నాలు కూడా పడతాయి. ఎక్కాల పుస్తకం మళ్లీ తెరవాలి. అన్నిట్లో అబద్ధం చెప్పనిది సెంటీమీటరు ఒక్కటే. దాన్నే చూసుకోవాలి.

ఆ సెంటీమీటరును పట్టుకునే పద్ధతి గల్ఫ్ కుటుంబాలకు పాతదే. వీడియో కాల్స్ రాకముందు, కరీంనగర్, జగిత్యాల, కడప, కోనసీమ ఇళ్లనుంచి వెళ్లే ఉత్తరాల్లో పిల్లల కాలి గీత ఒకటి మడతపెట్టి ఉండేది. నోటుపుస్తకం కాగితం మీద పాదం పెట్టించి చుట్టూ పెన్సిల్ తిప్పేవారు. సెలవుకు వచ్చేటప్పుడు తాళ్లు బిగించిన కార్టన్‌లో టాంగ్ డబ్బా, అత్తరు సీసాలతో పాటు ఆ గీతకు సరిపోయే బూట్లూ వచ్చేవి. ఆ కాగితం ఇప్పటికీ దుకాణంలో పాదం కొలిచే యంత్రం కంటే మేలు, మూడు జాగ్రత్తలు తీసుకుంటే. కూర్చుని కాకుండా నిలబడి, బరువంతా ఆ కాలి మీద వేసి గీయాలి. పెన్సిల్ లోపలికి వాలకుండా నిటారుగా పట్టుకోవాలి. రెండు పాదాలూ గీయాలి. చాలామందికి ఒకటి కాస్త పొడవు, ఆ పొడవుదే లెక్క. ఇక వేళ: సాయంత్రం, డ్యూటీ దిగి సేఫ్టీ షూస్ విప్పాక. పొద్దంతా నిలబడ్డ పాదం ఉదయం కంటే ఉబ్బి ఉంటుంది, పందెంలో పదిహేనో కిలోమీటరు దగ్గర ఉండే పాదం కూడా అదే. మడమ నుంచి అన్నిటికంటే పొడవైన వేలి కొస దాకా కొలవాలి. కొందరికి అది బొటనవేలు కాదు, పక్క వేలు.

వచ్చిన అంకెకు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు కలపాలి. 26 వస్తే 26.5 తొడిగి చూసి, వేలి ముందు బొటనవేలి గోరంత ఖాళీ లేకపోతే 27కు వెళ్లాలి. రేసు బూట్లలో పై బట్ట పలచన, సాగదు. ‘వాడగా వాడగా వదులవుతుంది’ అన్న కొట్టువాడి మాట తోలు చెప్పుల కాలం నాటిది. వెడల్పు కూడా చూడాలి. చిన్నప్పటినుంచి చెప్పులతోనో వట్టి కాళ్లతోనో తిరిగిన పాదం ముందు భాగం విచ్చుకుని ఉంటుంది. చిటికెనవేలు పక్క బట్టను తోస్తూ కనిపిస్తే పొడవు పెంచినంత మాత్రాన లాభం లేదు, మోడలే మార్చాలి. ఆడవాళ్ల బూట్లు మడమ దగ్గర సన్నగా చేస్తారు. సన్న పాదం ఉన్న మగవాడు ఆడవాళ్ల మోడల్, వెడల్పు పాదం ఉన్న ఆడమనిషి మగవాళ్ల మోడల్ కొనుక్కోవడం తప్పేమీ కాదు. పైగా అవుట్‌లెట్‌లో ఎవరి అరలో తగ్గింపు ఎక్కువుంటే అటు వెళ్లే వీలు దొరుకుతుంది.

ఎండ, ఇసుక, కారు డిక్కీ

రియాద్‌లో జులై పగలు 43, 44 డిగ్రీలు మామూలు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వ నిషేధం ఉంది; పరుగుకు నిషేధం అక్కర్లేదు, ఒంటికే తెలుస్తుంది. సాధన తెల్లవారుజామున ఫజర్ నమాజు వేళకో, రాత్రి తొమ్మిది దాటాకో. రంజాన్‌లో ఇఫ్తార్‌కు ముందు కొందరు, రాత్రి తరావీహ్ నమాజు తర్వాత కొందరు.

వేడి పరిగెత్తేవాడినే కాదు, బూటును కూడా మారుస్తుంది. ఈవీఏ నురుగు వేడిలో మెత్తబడుతుంది, చలిలో గట్టిపడుతుంది. ఆగస్టు రాత్రి మమ్షా మీద పరుపులా అనిపించిన జత, జనవరి ఉదయం పది డిగ్రీల చలిలో చెక్కలా తగులుతుంది. కొట్టులో ఏసీ కింద తొడిగి చూసినప్పుడు తెలిసేది ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. పెబా నురుగుకు ఈ తేడా తక్కువ. చెమట పాదాన్ని నానబెడుతుంది, నానిన చర్మం తొందరగా లేస్తుంది. నూలు మేజోళ్లు తడిని పట్టుకుని కూర్చుంటాయి కనుక పాలియెస్టర్ మేజోళ్లు, వేళ్ల మధ్య కొంచెం వాసెలీన్. దుమ్ము రోజుల్లో జల్లెడలాంటి పై బట్టలోంచి సన్నని ఇసుక దూరి మేజోటితో కలిసి గరుకు కాగితంలా పనిచేస్తుంది. అలాంటి రోజు కొత్త జత తీయకపోవడం మంచిది.

ఇంకా పెద్ద శత్రువు కారు. ఎండలో నిలిపిన కారు లోపల వేడి అరవై డిగ్రీలు దాటుతుంది. సాయంత్రం పరుగుకని బూట్లు డిక్కీలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లడం అక్కడ అందరి అలవాటు. వారాలు గడిచేసరికి జిగురు సడలి, ముందు కొస దగ్గర రబ్బరు నోరు తెరుస్తుంది. ఈవీఏ ముడుచుకుపోయి, అర కొలత చిన్నదైనట్టు వేళ్లను నొక్కుతుంది. అప్పుడు బూటు కంపెనీని తిట్టుకుంటారు. సాధన జతకు గతి లేకపోతే సరే, రేసు జత మాత్రం గదిలో మంచం కింద, పెట్టెలో ఉండాలి. ఉతకాలంటే చన్నీళ్లు, పాత టూత్‌బ్రష్. లోపలి అట్ట తీసి నీడలో ఆరబెట్టాలి. క్యాంపు డాబా మీద, బండలు కాలే ఎండలో, దుప్పట్ల పక్కన కాదు.